నాలుగోసారి వర్క్‌షాపుకు వెళ్లిన కొత్త ట్రక్కు: లెమన్ చట్టం దేన్ని లెక్కపెడుతుంది?

కొత్త పికప్ ట్రక్కు కొని మూడు నెలలైంది. గంటకు నలభై మైళ్ల వేగం దగ్గర గేరు మారినప్పుడల్లా వెనక నుంచి ఎవరో గట్టిగా తోసినట్టు బండి కుదుపుతోంది. డీలర్ దగ్గరకు తీసుకువెళ్తే ఒక రోజు ఉంచుకుని, శుభ్రంగా కడిగి, తాళాలతో పాటు ఒక కాగితం చేతిలో పెడతారు. ఆ కాగితం అడుగున ఒకే వాక్యం: సమస్య కనిపించలేదు, బండి మామూలుగానే నడుస్తోంది. రెండోసారి వెళ్తే సాఫ్ట్‌వేర్ మారుస్తారు. మూడోసారి ట్రాన్స్‌మిషన్, అంటే గేర్‌బాక్స్, ఆయిల్ మారుస్తారు. నాలుగోసారి, ఈ మోడల్ తీరే అంత అంటారు. అరవై వేల డాలర్ల అప్పు నెత్తిన పెట్టుకుని కొన్న మనిషి అప్పుడు మంచి లాయర్ కోసం వాకబు చేయడం మొదలుపెడతాడు. నిజానికి అప్పటికే అతని కేసు చాలావరకు తేలిపోయి ఉంటుంది. ఆ నాలుగు కాగితాల్లో ఏం రాసి ఉందన్నదే దాన్ని తేలుస్తుంది.

అమెరికాలో ఎన్నిసార్లు బాగుచేసినా బాగుపడని కొత్త బండిని లెమన్ అంటారు. మన ఇళ్లలో కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం దిష్టి తీయడానికి. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో గుడి ముందు పార్కింగ్ స్థలంలో కూడా తెలుగు కుటుంబాలు ఆ పని శ్రద్ధగా చేస్తాయి. అదే పండు పేరు అక్కడి వాడుకలో మోసపోయిన కొనుగోలుకు గుర్తు. జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో ఈ మాటనే శీర్షికలో పెట్టి ఒక పరిశోధన వ్యాసం రాశారు. బండి లోపం అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు సంత మొత్తం ఎలా చెడిపోతుందో అందులో వివరించారు. 2001లో ఆయనకు నోబెల్ రావడానికి ప్రధాన కారణం ఆ వ్యాసమే. కొత్త ట్రక్కు విషయంలోనూ జరిగేది ఇదే. లోపం గురించి తయారీదారు దగ్గర వేల బండ్ల సమాచారం ఉంటుంది. కొన్నవాడి దగ్గర ఉండేది తన ఒక్క బండి, తన చేతిలోని నాలుగు కాగితాలు.

చట్టం కూడా సరిగ్గా ఆ కాగితాల చుట్టూనే పెరిగింది. కాలిఫోర్నియాలో వినియోగ వస్తువుల వారంటీ మీద సాంగ్-బెవర్లీ చట్టం 1970లో, రోనాల్డ్ రీగన్ గవర్నర్‌గా ఉన్నప్పుడు వచ్చింది. దేశం మొత్తానికి వర్తించే మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం 1975లో వచ్చింది. రెండూ మంచి చట్టాలే గాని, రెండింటిలోనూ ఒక పెద్ద వెలితి ఉండేది. తగినన్ని అవకాశాలు ఇచ్చినా తయారీదారు బాగుచేయలేకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాలి అన్నారు, ఆ 'తగినన్ని' అంటే ఎన్నో చెప్పలేదు. మూడు చాలదని కంపెనీ అంటుంది, ఆరు చాలదని ఇంకో కంపెనీ అంటుంది. కొనుగోలుదారు ప్రతిసారీ కోర్టులో మొదటి నుంచి వాదించుకోవాలి. ఈ వెలితిని 1982లో పూడ్చారు. ఆ ఏడాది కనెక్టికట్ మొట్టమొదటి లెమన్ చట్టం చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో సాలీ టానర్ అనే శాసనసభ్యురాలు తెచ్చిన సవరణ అక్కడి చట్టంలోకి అంకెల్ని తీసుకొచ్చింది. తర్వాత మిగతా రాష్ట్రాలన్నీ ఏదో ఒక రూపంలో ఇదే దారి పట్టాయి.

అంకెలు వచ్చాక బలాబలాలు మారాయి. కాలిఫోర్నియాలో బండి చేతికి వచ్చిన 18 నెలల్లో, లేదా 18,000 మైళ్లలో, ఏది ముందైతే ఆ లోపల, ఒకే లోపానికి నాలుగుసార్లు మరమ్మతు జరిగి ఉన్నా, ప్రాణాపాయం కలిగించే లోపానికి రెండుసార్లు జరిగి ఉన్నా, మొత్తం మీద 30 రోజులకు మించి వర్క్‌షాపులో ఉన్నా, తయారీదారుకు తగినన్ని అవకాశాలు దక్కినట్టే చట్టం భావిస్తుంది. కాదని నిరూపించే భారం కంపెనీ మీద పడుతుంది. ఈ గడువు దాటితే హక్కు పోయినట్టు కాదు, ఈ ఊతం పోతుందంతే. టెక్సస్‌లో 24 నెలలు లేదా 24,000 మైళ్లు, ఒకే లోపానికి నాలుగుసార్లు, తీవ్రమైన ప్రమాదం ఉన్న లోపానికి రెండుసార్లు, లేదా 30 రోజులు. న్యూయార్క్‌లో రెండేళ్లు లేదా 18,000 మైళ్లు, నాలుగుసార్లు లేదా 30 రోజులు. న్యూజెర్సీ ఇంకాస్త ఉదారం: రెండేళ్లు లేదా 24,000 మైళ్ల లోపల మూడుసార్లు లేదా 20 రోజులు చాలు. కాకపోతే అక్కడ తయారీదారుకు సర్టిఫైడ్ పోస్టులో ఆఖరి నోటీసు పంపి, ఇంకొక్క అవకాశం ఇవ్వాలి.

ఈ అంకెల్లో 'ఒకే లోపం' అన్న చిన్న మాట దగ్గరే ఎక్కువ కేసులు కూలిపోతాయి.

సర్వీస్ కౌంటర్ దగ్గర నిలబడి చూస్తే ఎందుకో అర్థమవుతుంది. యజమాని మొదటిసారి, గేరు మారేటప్పుడు కుదుపు వస్తోందని చెబుతాడు. రెండోసారి విసుగులో, బండి లాగడం లేదంటాడు. మూడోసారి, ఏదో శబ్దం వస్తోంది చూడండి అంటాడు. కౌంటర్ వెనక కూర్చున్న సర్వీస్ అడ్వైజర్ విన్నది విన్నట్టు టైపు చేస్తాడు. యజమాని దృష్టిలో మూడూ ఒకటే జబ్బు. కాగితం మీద అవి మూడు వేర్వేరు ఫిర్యాదులు, ఒక్కోదానికి ఒక్కో మరమ్మతు. నాలుగు వరకు లెక్క వెళ్లనే వెళ్లదు. మొదటిసారి వాడిన మాటలే ప్రతిసారీ వాడాలని అనుభవమున్న లాయర్లు పట్టుబట్టేది ఇందుకే. ఏ వేగంలో, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఖాళీగానా ట్రెయిలర్ లాగుతూనా అన్న వివరాలు చీటీ మీద రాసుకెళ్లి, అదే చూపించి టైపు చేయించడం మేలు. అడ్వైజర్ టైపు చేసిన ఫిర్యాదు పంక్తిని సంతకం పెట్టే ముందు చదవాలి. తప్పుంటే అక్కడే దిద్దించాలి. తర్వాత ఆ కాగితాన్ని మార్చగల శక్తి ఎవరికీ ఉండదు.

అసలు కాగితమే పుట్టని సందర్భాలు ఇంకా బాధాకరం. తెలిసిన అడ్వైజర్ కదా అని ఫోను చేసి చెబితే, ఒకసారి అలా తెచ్చి చూపించి వెళ్లండి అంటాడు. మెకానిక్ ఓ చుట్టు తిప్పి చూసి, ఇప్పటికైతే బాగానే ఉందంటాడు. మర్యాదగా మాట్లాడారు, డబ్బు తీసుకోలేదు, అంతా సవ్యంగా జరిగినట్టే ఉంటుంది. కాని రిపేర్ ఆర్డర్ తెరవలేదు, కాబట్టి చట్టం దృష్టిలో ఆ రోజు ట్రక్కు వర్క్‌షాపుకు వెళ్లనే లేదు. మన సర్వీస్ సెంటర్లలో జాబ్ కార్డు అనేదే అక్కడి రిపేర్ ఆర్డర్. లోపం కనిపించలేదని రాసినా సరే, ఆ కాగితం పుట్టాలి. బండి లోపలికి వెళ్లిన తేదీ, బయటికి వచ్చిన తేదీ, ఆ రెండుసార్లూ ఓడోమీటర్ అంకె దాని మీద ఉండాలి. లోపం కనిపించలేదన్న వాక్యం చూసి చాలామంది నీరుగారిపోతారు. ఆ వాక్యం ఉన్నా యజమాని ఆ రోజు ఫిర్యాదు చేశాడన్నది నమోదైనట్టే. కుదుపు వచ్చినప్పుడు పక్క సీట్లో కూర్చున్నవారు తీసిన వీడియో, అందులో డ్యాష్‌బోర్డు మీద తేదీ, వేగం కనిపిస్తే, ఆ వాక్యానికి అదే జవాబు.

రోజుల లెక్కలో కూడా ఒక కిటుకు ఉంది. విడిభాగం రాలేదని ట్రక్కు మూడు వారాలు డీలర్ ఆవరణలో నిలబడితే ఆ మూడు వారాలూ లెక్కలోకి వస్తాయి. కాని టెక్సస్‌లో ఆ రోజుల్లో డీలర్ అదే స్థాయి బండిని వాడుకోవడానికి ఇచ్చి ఉంటే, ఆ రోజులు 30 రోజుల లెక్కలో చేరవు. ట్రక్కు కొన్న మనిషికి చిన్న కారు ఇచ్చి సరిపెట్టారనుకోండి, అది సమానమైన బండి కాదని వాదించవచ్చు. అందుకు ఏ బండి ఇచ్చారో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో చూపే కాగితం కూడా దాచుకోవాలి. బాగుచేయడం కుదరలేదు కదా, ఇంటికి తీసుకెళ్లి వాడుకోండి, భాగం రాగానే పిలుస్తాం అనే మాట ఇంకొకటి. అవసరం కొద్దీ ఒప్పుకోక తప్పదు. అలా తెచ్చుకున్న రోజున లెక్క ఆగిపోతుందని తెలిసి తెచ్చుకోవాలి.

ట్రక్కుకు మాత్రమే ఉన్న చిక్కులు కొన్ని ఉన్నాయి. డ్రైవర్ తలుపు తెరిస్తే, తలుపు చట్రం మీద అరచేతంత స్టిక్కరు ఉంటుంది. బండి బరువు, మోయగల సరుకు బరువు కలిపి తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ మొత్తం బరువు దాని మీద ముద్రించి ఉంటుంది. కొన్ని రాష్ట్రాల్లో ఆ ఒక్క అంకె లెమన్ చట్టం తలుపు తెరుస్తుంది లేదా మూసేస్తుంది. ఫ్లోరిడాలో 10,000 పౌండ్లు దాటిన ట్రక్కులు అక్కడి లెమన్ చట్టం కిందికి రావు. కాలిఫోర్నియాలో వ్యాపారం కోసం కొన్న బండి 10,000 పౌండ్ల లోపు ఉండాలి, ఆ వ్యాపారం పేరు మీద రాష్ట్రంలో ఐదుకు మించి బండ్లు రిజిస్టర్ అయి ఉండకూడదు. ఫోర్డ్ ఎఫ్-150 తరహా మామూలు పికప్ ట్రక్కుకు ఈ బెడద లేదు. వెనక జంట చక్రాలున్న ఒక టన్ను తరగతి ట్రక్కులు 10,000 తేలిగ్గా దాటిపోతాయి. ల్యాండ్‌స్కేపింగ్, నిర్మాణ పనుల కోసం ఆ తరగతి ట్రక్కు కొనే చిన్న వ్యాపారికి రక్షణ అత్యవసరం, చట్టం అతనికే కాస్త దూరంగా నిలబడుతుంది. ఇది ఈ చట్టాల్లో నిజమైన లోటు. అలా మినహాయింపులో పడ్డవారికి కూడా తయారీదారు ఇచ్చిన వారంటీ ఒప్పందం మీద దావా వేసే దారి ఉంటుంది. బండి మామూలుగా కుటుంబ అవసరాలకు వాడే రకమైతే మాగ్నసన్-మాస్ చట్టం కూడా తోడవుతుంది.

రెండో చిక్కు మార్పులు చేర్పులు. ట్రక్కు కొన్న వారంలోనే ఎత్తు పెంచే కిట్ వేయించడం, పెద్ద టైర్లు ఎక్కించడం అక్కడ సరదా. ట్రాన్స్‌మిషన్ మొరాయించగానే డీలర్ వేలు పెట్టి చూపేది వాటినే. వేరే కంపెనీ భాగం అమర్చినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు కాదు. ఆ భాగం వల్లే ఈ లోపం వచ్చిందని కంపెనీ చూపాలి. అయినా మొదటి రెండేళ్లు ట్రక్కును ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచుకోవడం వల్ల ఒక పెద్ద వాదన పుట్టకుండానే ఆగుతుంది.

లోపం తన ఒక్కడి బండిలోనే ఉందా అన్న సందేహం కొన్నవాడిని లోలోపల తినేస్తుంది. ఇక్కడ అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ దగ్గరున్న సమాచారం చాలా ఉపయోగపడుతుంది. బండి 17 అక్షరాల గుర్తింపు సంఖ్య కొడితే దాని మీద రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం, ఉందో లేదో ఉచితంగా తెలుస్తుంది. కంపెనీలు తమ డీలర్లకు పంపే సాంకేతిక సూచనల పత్రాలు కూడా అక్కడ దొరుకుతాయి. ఫలానా లక్షణం కనిపిస్తే ఫలానా మరమ్మతు చేయండి అని కంపెనీయే రాసిన పత్రం చేతిలో ఉంటే, ఈ మోడల్ తీరే అంత అన్న మాట నిలబడదు. 2024 మేలో టయోటా 2022, 2023 మోడళ్ల టండ్రా ట్రక్కులు, లెక్సస్ ఎల్ఎక్స్ బండ్లు కలిపి దాదాపు 1,02,000 వెనక్కి పిలిచింది. ఇంజిన్ తయారీలో మిగిలిపోయిన లోహపు తునకలు బేరింగులను పాడుచేయడం దానికి కారణం. చివరికి ఇంజిన్లే మార్చాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల వీ8 ఇంజిన్ ఉన్న ట్రక్కులు, ఎస్‌యూవీలను అమెరికాలోనే ఆరు లక్షలకు దగ్గరగా వెనక్కి పిలిచింది. పరీక్షలో లోపం తేలనివాటికి చిక్కని ఇంజిన్ ఆయిల్ పోసి పంపారు. అలా వెనక్కి వచ్చిన బండి మళ్లీ శబ్దం చేస్తే యజమాని పరిస్థితి ఏమిటన్నది ఊహించుకోవచ్చు. రీకాల్ వచ్చిందంటే లెమన్ హక్కు వచ్చినట్టు కాదు, రీకాల్ రాకపోతే హక్కు లేనట్టూ కాదు. రీకాల్ లక్షల బండ్ల భద్రత గురించి చెబుతుంది. లెమన్ చట్టం ఈ ఒక్క బండిని ఎన్నిసార్లు తెచ్చారు, బాగుపడిందా అని అడుగుతుంది.

సహాయం ఎక్కడ దొరుకుతుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో ఆ రాష్ట్ర మోటారు వాహనాల శాఖే ఈ ఫిర్యాదులు వింటుంది. రుసుము 35 డాలర్లు. లాయర్ తప్పనిసరి కాదు. ముందుగా తయారీదారుకు లిఖితపూర్వకంగా తెలియజేసి, బాగుచేయడానికి ఒక్క అవకాశమైనా ఇచ్చి ఉండాలి. డీలర్‌కు చెప్పడం వేరు, తయారీదారుకు రాయడం వేరు. ఈ తేడా తెలియక ఎన్నో ఫిర్యాదులు మొదటి మెట్టు మీదే నిలిచిపోతాయి. వారంటీ ముగియడం, 24 నెలలు నిండడం, 24,000 మైళ్లు దాటడం, వీటిలో ఏది ముందు జరిగితే అప్పటి నుంచి ఆరు నెలల లోపు ఫిర్యాదు చేరాలి. ట్రక్కు మీద రోజూ అరవై మైళ్లు తిరిగేవారికి 24,000 మైళ్లు ఏడాదికి కాస్త అటూ ఇటూగా అయిపోతాయి. రెండేళ్లుంది కదా అనుకుంటూ కూర్చుంటే ఓడోమీటర్ ముందే గంట కొట్టేస్తుంది.

కాలిఫోర్నియాలో పని ఎక్కువగా లాయర్ల ద్వారా జరుగుతుంది. కొనుగోలుదారు గెలిస్తే లాయర్ ఫీజు తయారీదారే చెల్లించాలని చట్టం చెబుతుంది. కాబట్టి చాలామంది లాయర్లు ముందుగా ఏమీ అడగకుండా కేసు తీసుకుంటారు. ఓడిపోతే ఖర్చులు ఎవరివన్నది మాత్రం ఒప్పందంలో చదివే సంతకం పెట్టాలి. తెలిసి తెలిసి కంపెనీ బాధ్యత తప్పించుకుందని తేలితే, నష్టానికి రెండింతల వరకు అదనపు జరిమానా కూడా పడవచ్చు. 2024, 2025లలో అక్కడ చట్టం మారింది. కొత్త పద్ధతికి ఒప్పుకున్న కంపెనీల బండ్ల విషయంలో వారంటీ ముగిసిన ఏడాది లోపు, బండి చేతికొచ్చిన ఆరేళ్లకు మించకుండా దావా వేయాలి. ఆ జరిమానా కావాలంటే ముందు నోటీసు ఇచ్చి తీరాలి. ఏ కంపెనీ ఒప్పుకుంది, ఏది ఒప్పుకోలేదు అన్నది లాయర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న.

ప్రాజెక్టు మారినప్పుడల్లా రాష్ట్రం మారే తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కాలిఫోర్నియా లెమన్ చట్టం ఆ రాష్ట్రంలో కొన్న బండ్లకే వర్తిస్తుంది, సైనికులకు మాత్రం ఆ షరతు నుంచి మినహాయింపు ఉంది. టెక్సస్‌లో కొన్న ట్రక్కుతో కాలిఫోర్నియాలోని శాన్‌హోసేకు మారితే అక్కడి ఉదారమైన నిబంధనలు వెంట రావు. లీజుకు తీసుకున్న బండికీ ఈ హక్కులు సాధారణంగా ఉంటాయి. ఇది వారంటీకి సంబంధించిన సివిల్ వివాదం, కొన్నవాడి పౌరసత్వంతో దీనికి పని లేదు. వీసా మీద ఉన్నాం, మనకెందుకీ గొడవ అని వెనక్కి తగ్గేవారు తమకు హక్కుగా రావాల్సిన డబ్బును వదులుకుంటున్నారు.

డబ్బు లెక్క దగ్గర ఆలస్యం ఎంత ఖరీదో తేటతెల్లమవుతుంది. తయారీదారు బండిని వెనక్కి తీసుకుంటే ఇచ్చిన ధర, పన్నులు, రిజిస్ట్రేషన్ రుసుముల్లోంచి వాడకానికి కొంత కోసుకుంటాడు. కాలిఫోర్నియాలో ఆ కోత, లోపం కోసం మొదటిసారి డీలర్ దగ్గరకు తెచ్చేనాటికి తిరిగిన మైళ్లను 1,20,000తో భాగించి, ధరతో హెచ్చిస్తే వస్తుంది. 60,000 డాలర్ల ట్రక్కును 2,000 మైళ్ల దగ్గరే చూపిస్తే కోత 1,000 డాలర్లు. అదే కుదుపును భరిస్తూ 14,000 మైళ్ల దాకా ఆగి చూపిస్తే 7,000 డాలర్లు. మధ్యలో ఆరు వేల డాలర్లు పోయాయి, ఓర్చుకున్నందుకు. మొదటిసారి చూపించాక ఎన్ని మైళ్లు తిరిగినా ఈ లెక్క మారదు. కోపం వచ్చి లోను వాయిదాలు ఆపేయడం మాత్రం ప్రమాదకరం. అప్పు ఇచ్చింది బ్యాంకు, లోపం చేసింది తయారీదారు. వాయిదా ఆగితే బ్యాంకు బండిని పట్టుకుపోతుంది, క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది, తిరిగి ఇచ్చేయడానికి చేతిలో ట్రక్కు కూడా ఉండదు.

కంపెనీలు తరచూ ఇంకో ప్రతిపాదన తెస్తాయి: బండి మీరే ఉంచుకోండి, కొంత డబ్బు ఇస్తాం. చిన్న లోపానికి అది మంచి బేరమే కావచ్చు. వేగంగా వెళ్తుండగా ఇంజిన్ ఆగిపోయే ట్రక్కును ఆ డబ్బు తీసుకుని ఇంటిల్లిపాదీ ఎక్కే బండిగా ఉంచుకోవడం సరైన నిర్ణయం కాదు. కాలిఫోర్నియాలో తయారీదారు వెనక్కి తీసుకున్న బండి టైటిల్ (యాజమాన్య పత్రం) మీద లెమన్ బండి అన్న ముద్ర పడుతుంది, ఎడమ తలుపు చట్రానికి ఆ సంగతి చెప్పే స్టిక్కరు అంటిస్తారు. సెకండ్ హ్యాండ్ ట్రక్కు కొనేవారు తలుపు తెరిచి అక్కడ చూడాలి. అలాంటివారికి మరో జాగ్రత్త కూడా అవసరం. కంపెనీ వారంటీ ఇంకా మిగిలి ఉన్నంత మాత్రాన పాత బండి 'కొత్త వాహనం' కిందికి రాదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. ఆ కేసులో బండి కూడా 55,000 మైళ్లు తిరిగాక కొన్న పికప్ ట్రక్కే.

మన దేశంలో ప్రత్యేకమైన లెమన్ చట్టం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కాని ఇక్కడ నాలుగుసార్లు, 30 రోజులు లాంటి అంకెలు లేవు. తయారీ లోపం ఉందని కొన్నవాడే నిరూపించాలి. అవసరమైతే కమిషన్ బండిని నిపుణుల పరీక్షకు పంపుతుంది, దాని రుసుమును ఫిర్యాదుదారు చేతే ముందుగా కట్టించవచ్చు. భాగం మారిస్తే సరిపోయే చోట బండి మొత్తం మార్చమనడం కుదరదని 2006లో మారుతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి కంపెనీలు ప్రతి కేసులో ఆ తీర్పునే ముందు పెడతాయి. దానికి ఎదురు నిలవాలంటే ఆ భాగం ఎన్నిసార్లు మార్చినా లోపం పోలేదని చూపాలి. అందుకు ఇక్కడా దిక్కు జాబ్ కార్డులే.

లారీ కొన్నవారికి అంతకంటే ముందే ఒక గడప ఉంది. వాణిజ్య అవసరానికి కొన్నవాడు ఈ చట్టం ప్రకారం వినియోగదారుడే కాడు. పది లారీలున్న ట్రాన్స్‌పోర్టు యజమాని సివిల్ కోర్టుకు వెళ్లాల్సిందే. సొంతంగా నడుపుకుంటూ పొట్టపోసుకోవడానికి ఒక్క లారీ కొన్న డ్రైవర్ మాత్రం వినియోగదారుడేనని 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హోదా పోదని కూడా చెప్పింది. విజయవాడ ఆటోనగర్‌లో కొత్త లారీని మూడోసారి విప్పించుకుంటున్న డ్రైవర్, తన ఫిర్యాదు మొదటి పేజీలోనే ఈ బండి తానే నడుపుతున్నానని, దీని మీదే తన ఇల్లు గడుస్తోందని రాయాలి. లోపం సంగతి విచారణకు రాకముందే కంపెనీ లాయర్ లేచి చెప్పే మొదటి అభ్యంతరం దాని గురించే.